రాజనర్సు చూడని ఇంజన్

రాజనర్సుతో కలిసి చాలా ఏళ్ళు ఒకే బస్సు తిప్పాను. తిప్పింది నేను, ఆపింది అతను. నిజామాబాద్ నుంచి బోధన్‌కు, బోధన్ నుంచి నిజామాబాద్‌కు. నేను డ్రైవర్ని, అతను కండక్టర్. ఎడపల్లి దాటాక ఒకచోట రోడ్డు పక్కన చెరుకు తోటల మధ్య ఒక మట్టికట్ట కనబడుతుంది. దాని మీద ఒకప్పుడు రైలు పట్టాలుండేవి, ఎప్పుడో పీకేశారు. సరిగ్గా అక్కడికి రాగానే రాజనర్సు విజిల్ వేసేవాడు, నేను బ్రేకు వేసేవాణ్ణి. దిగేవాళ్ళు ఉండరు, ఎక్కేవాళ్ళు ఉండరు. అతను మెట్టు మీద నిలబడి ఆ కట్టను తృప్తిగా చూసుకుని "రైట్" అనేవాడు. ప్రయాణికులు మొదట్లో గొణిగి తర్వాత అలవాటు పడ్డారు. నేను మాత్రం అలవాటు పడలేదు. ఆర్టీసీ డీజిల్ ఊరికే రాదని రోజూ ఒక మాట అనేవాణ్ణి, అని రోజూ బ్రేకు వేసేవాణ్ణి.

ఆ కట్ట మీద చెరుకు రైలు నడిచేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి ఊళ్ళ నుంచి చెరుకు మోసే చిన్న రైలు అది. దానికి మొత్తం పదకొండు ఆవిరి ఇంజన్లు. అన్నీ ఒకే రకం, ఒకే ఓడలో దిగినవి. ఆకుపచ్చ రంగు, పొట్టి పొగగొట్టం, ముందు గుండ్రటి దీపం. ఏది ఏదో చెప్పాలంటే డ్రైవర్ నిలబడే గది పక్కన బిగించిన ఇత్తడి పలక ఒక్కటే ఆధారం. దాని మీద నంబరు ఇంగ్లీషులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి రాసి ఉండేది.

రైలు ఎడపల్లి మలుపు దగ్గర నెమ్మదించగానే ఊరి పిల్లలంతా వెంటబడి చెరుకు గడలు గుంజుకునేవాళ్ళట. రాజనర్సు మాత్రం చెరుకు జోలికి పోకుండా ఇంజన్ పక్కన పరుగెత్తి నంబరు చదివేవాడట. అలా పదకొండింటినీ చూడాలని పదేళ్ళ వయసులోనే పట్టు పట్టాడు. ఎందుకని అడగకండి, నేను అడిగి చూశాను. "ఉన్నయి గదన్నా. ఉన్నంక సూడాలె" అన్నాడు. అంతకు మించి జవాబు ఈ రోజు వరకు నాకు దొరకలేదు.

దానికి అతనికి రెండు నియమాలు. ఇంజన్‌ను తన కళ్ళతో చూడాలి, దాని నంబరు తానే చదవాలి. ఫొటోలు పనికిరావు, ఇంకొకరు చూసి చెప్పింది పనికిరాదు. నోటుబుక్కులో రాసుకునే అలవాటు కూడా లేదు, అంతా నెత్తిలోనే. ఈ నియమాల పిచ్చి ఎంతదాకా పోయిందంటే, చిన్నప్పుడు ఒక దసరాకు మేనమామ అతన్ని ఫ్యాక్టరీ షెడ్డుకు తీసుకుపోయాడు. ఆయుధపూజ రోజు. బంతిపూల దండలు వేసి, బొట్లు పెట్టి, ఇంజన్లన్నీ వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఇంకొక పిల్లవాడైతే ఎగిరి గంతేసేవాడు. మనవాడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. ఎందుకంటే ఆ రోజు ఒక్క ఇంజన్‌కూ నంబరు పలక లేదు.

"గా దసరా లెక్కకు రాదన్నా. నంబర్లు లేవు" అని ఇన్నేళ్ళ తర్వాత కూడా నాతో కోపంగా చెప్పేవాడు. పెళ్ళికి పోయి, వడ్డించేవాళ్ళ పేర్లు తెలియలేదని అన్నం తినకుండా వచ్చినట్టుంది నీ కథ అని నేను ఎక్కిరించేవాణ్ణి. అతను మూతి ముడుచుకుని టికెట్లు కొట్టడానికి వెనక్కి పోయేవాడు.

తర్వాత లారీలొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి. చెరుకు రోడ్డెక్కింది. రైలు ఆగింది, పట్టాలు పోయాయి, ఇంజన్లు తలా ఒక దిక్కుకు అమ్ముడుపోయాయి. అప్పటికి రాజనర్సు ఏడింటిని చూశాడు. మిగతావాటి కోసం ఆర్టీసీ ఇచ్చిన సెలవులన్నీ తగలేశాడు. ఒకటి బాన్సువాడ దిక్కు ఒక రైసుమిల్లు వెనుక దొరికింది, వడ్లు ఉడికించడానికి దాని బాయిలర్ వాడుకుంటున్నారు. ఇంకొకటి కరీంనగర్ దిక్కు పిల్లల పార్కులో దొరికింది, దానికి జారుడుబల్ల అతికించారు. మూడోది హైదరాబాద్ పొలిమేరలో ఎవరిదో ఫామ్‌హౌస్ ముందు అలంకారానికి పెట్టారు. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే ఆటో పైకెక్కి గోడ మీదుగా నంబరు చదివి వచ్చాడు. చదివిన సంతోషంలో దిగేటప్పుడు ఆటో రెగ్జిన్ చింపాడు. ఇలా పది అయ్యాయి. ఎనిమిదో నంబరు ఒక్కటి దొరకలేదు.

ఇక రేణుకమ్మ సంగతి చెప్పాలి. ఆమె రాజనర్సు భార్య, ఫ్యాక్టరీ షెడ్డులో ఫిట్టర్‌గా చేసినాయన కూతురు. నేను వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. పెళ్ళిచూపులకు పోయిన రోజు రాజనర్సు ఆ ఫిట్టరును కూర్చోబెట్టుకుని ఇంజన్ల గురించి అడిగిందే అడిగాడట. పిల్ల చాయ్ తెచ్చి ఇచ్చింది, గ్లాసు అందుకున్నాడు, తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ ఈరవ్వ, పిల్ల ఎట్లుందిరా అని అడిగితే, "ఎనిమిదో నంబరు మహారాష్ట్రకు అమ్మిండ్రట అవ్వా" అని చెప్పాడు. ఈ ముచ్చట ఎడపల్లి అంతా పాకింది. అందరూ పడీపడీ నవ్వారు. పెళ్ళయ్యాక అది రేణుకమ్మ చెవిన కూడా పడింది. ఆమె నవ్వలేదు.

పెళ్ళయిన ఏడాదికే ఆ ఫిట్టరు పోయాడు. రేణుకమ్మ ఇంట్లో ఇంజన్ మాట ఎత్తనిచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి తండ్రి మసి బట్టలు ఉతికి ఉతికి ఆ పేరంటేనే ఆమెకు యాష్ట. రాజనర్సు రైలు ముచ్చట మొదలుపెడితే మిక్సీ వేసేది. మిక్సీలో ఏమీ లేకపోయినా వేసేది. ఒకసారి నాతో, "ఈయన నన్ను చేసుకోలేదన్నా, మా బాపు షెడ్డును చేసుకున్నడు" అంది. నవ్వులాటకే అన్నట్టుంది గానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. రాజనర్సు చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, కూతురు నిరోష పెళ్ళి పద్ధతిగా చేశాడు. కానీ పక్కనున్న మనిషిని చూసే తీరిక అతనికి లేదు. ఆ మాట నేను అతని మొహం మీదే అనాల్సింది, అనలేదు.

రిటైర్ అయ్యాక అతని కళ్ళు చెడ్డాయి. నిజామాబాద్‌లో కంటి డాక్టరు నీటికాసులు అన్నాడు. కంటి నరం ఎండిపోతుందట, పోయిన చూపు మళ్ళీ రాదట, ఉన్నది కాపాడుకోవడమేనట. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకన్నుతో వెదురు గొట్టంలోంచి చూసినట్టు నడుమ కొంచెం కనబడుతుంది. పూటపూటకూ చుక్కల మందు వేయాలి. ఆ పని రేణుకమ్మది. గుడ్డితనం వస్తుందని తెలిస్తే ఎవరైనా ఇల్లు, వాకిలి, పిల్లలు అని దిగులు పడతారు. రాజనర్సు నాతో అన్నది ఒక్కటే మాట. "ఎనిమిది మిగిలింది గదన్నా." నాకు జాలి వేసింది, ఒళ్ళు కూడా మండింది.

ఈ మధ్య చలికాలంలో కబురొచ్చింది. నిజామాబాద్‌లో పాత ఇనుము వ్యాపారం చేసే శివకుమార్ నాకు తెలిసినవాడు. మహారాష్ట్రలోని బిలోలి దాటాక మూతబడ్డ ఒక చక్కెర ఫ్యాక్టరీలో పాత సామాను వేలం పాడటానికి పోయాడట. అక్కడ తుమ్మ పొదల్లో పొట్టి పొగగొట్టం ఇంజన్ ఒకటి ఉందని, తొందర్లోనే గ్యాస్ కట్టర్ పెట్టి ముక్కలు చేస్తారని చెప్పాడు. నంబరు మాత్రం చూడలేదు. నేను ఆ మాట చేరవేయగానే రాజనర్సు చొక్కా తొడుక్కున్నాడు. పొద్దున పోదాం ఆగమంటే, తొడుక్కున్న చొక్కా విప్పకుండానే పడుకున్నాడట.

నా పాత మారుతి వ్యానులో బయలుదేరాం. రాజనర్సు నా పక్క సీట్లో కూర్చున్నాడు. బస్సులోనైనా వ్యానులోనైనా అతనికి ముందు అద్దమే కావాలి. మందు చుక్కలు వేయాలి కాబట్టి రేణుకమ్మ కూడా వచ్చింది. సద్ది డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనుక సీట్లో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె ఒక ఇంజన్ కోసం గడప దాటడం అదే మొదటిసారి. దారి పొడుగునా పసుపు చేలు, చెరుకు బండ్లు. సాలూర దగ్గర మంజీర వంతెన దాటేటప్పుడు రాజనర్సు తల అటూ ఇటూ తిప్పుతూ ఆ గొట్టంలోంచి నదిని వెతుక్కున్నాడు. దొరికిందో లేదో నేను అడగలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ మరాఠీలో ఏం కావాలని అడిగాడు. చిన్నప్పుడు ఫ్యాక్టరీ కాలనీలో మరాఠీ పిల్లలతో ఆడుకుంది కాబట్టి రేణుకమ్మే మాట్లాడింది. ఏం చెప్పిందో గానీ అతను నవ్వి దారి చూపించాడు. తుమ్మ కొమ్మలు తప్పించుకుంటూ పోతే ఇంజన్ కనబడింది. పొగగొట్టంలో రావి మొక్క మొలిచింది. ఒంటినిండా తుప్పు. నంబరు పలక ఇంకా ఉంది. ఎవరో ఇంజన్‌కంతా తారు పూసినప్పుడు దానికీ పూశారు. అందుకే అది ఇత్తడని ఏ దొంగకూ తెలియలేదు.

నేను చాకుతో తారు గీకాను. రాజనర్సు ముందుకొచ్చి పలక మీద ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, ఎడమకన్నును మెల్లగా జరుపుకుంటూ చదివాడు. చాలాసేపు చదివాడు. ఉన్నది ఒక్కటే అంకె, అంతసేపు పట్టనక్కరలేదు.

అది నాలుగు.

నాలుగో నంబరును అతను చిన్నప్పుడే ఎడపల్లి మలుపు దగ్గర చూసేశాడు. అది లెక్కలో ఉన్న ఇంజనే. రాజనర్సు పలక మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత పక్కనున్న సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. "అయిపోయిందన్నా. ఇగ కండ్లు ఆగవు" అన్నాడు. ఎక్కిరించడం వచ్చినంత తేలిగ్గా నాకు ఓదార్పు రాదు.

అప్పుడు వెనుక నుంచి రేణుకమ్మ, "గీ పలకలనా నువ్వు ఇన్నేండ్లు నమ్ముకున్నది?" అంది.

ఇద్దరం అటు తిరిగాం. ఆమె సద్ది డబ్బా కింద పెట్టి, కొంగు నడుముకు చెక్కి ఇంజన్ దగ్గరికొచ్చింది.

"గవి నగల లెక్క. ఇయ్యాల దీనికి పెడతరు, మల్లేడు దానికి పెడతరు. పలకను సూస్తే ఇంజన్ ఎట్లెరుకైతది?"

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుడేంది? తోమింది నేనే గద."

ఏటా ఆయుధపూజ పొద్దున షెడ్డువాళ్ళు పదకొండు పలకలూ విప్పి ఫిట్టరు కూతురికి ఇచ్చేవాళ్ళట. ఆమె, ఇంకో నలుగురు ఆడపిల్లలు షెడ్డు బయట నల్లా దగ్గర కూర్చుని చింతపండు, బూడిద పెట్టి వాటిని తోమేవాళ్ళు. తోమినవాటికి పసుపు రాసి షెడ్డు మైసమ్మ ముందు పేర్చేవాళ్ళు. పూజ అయ్యాక ఫిట్టరు చెయ్యి చాపితే, ఏది పైనుంటే అది అందించేవాళ్ళు. ఏ పలక ఏ ఇంజన్‌దని ఎవరూ చూసేవాళ్ళు కాదు. పదకొండు ఇంజన్లకు పదకొండు పలకలు బిగిస్తే పూజ పూర్తయినట్టే. రాజనర్సు ప్రాణం పెట్టి చదివిన నంబర్లన్నీ ఏటా దసరాకు ఇల్లు మారాయన్నమాట.

"ఇంజన్ అసలు నంబరు కావాలంటె చక్రాల కడ్డీ మీద కొట్టి ఉంటది. మా బాపు సూపెడుతుండె" అంది రేణుకమ్మ.

నేను వ్యానులోంచి గుడ్డ, పెట్రోల్ తెచ్చాను. చక్రాలను కలిపే కడ్డీ మీద ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు ఉంది. ఆమే రుద్దింది. మసి బట్టలంటే యాష్ట పడే మనిషి మోచేతుల దాకా మసి చేసుకుంది. చివరికి ఇనుములో గుద్దిన అంకె తేలింది. రాజనర్సు మోకాళ్ళ మీద కూర్చుని కన్ను దగ్గర పెట్టాడు.

"ఎనిమిది" అన్నాడు. నేను అతని వీపు మీద ఒక్కటి చరిచాను. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రేణుకమ్మ మాత్రం, "ఆగు, గటు దిక్కు సుత సూడు" అని చెయ్యి పట్టుకుని అవతలి వైపుకు తీసుకుపోయింది. ఆ వైపు కడ్డీ కూడా రుద్దింది. దాని మీద రెండు అని ఉంది.

సీజన్‌లో ఒక ఇంజన్ చెడితే షెడ్డువాళ్ళు ఆగేవాళ్ళు కాదట. కోసిన చెరుకు ఎండిపోతుంది కదా. పనిలో లేని ఇంజన్ నుంచి కడ్డీయో చక్రమో విప్పి దీనికి బిగించి తోలేవాళ్ళట. అలా ఎనిమిదోదాని ముక్కలు ఏడోదానికి, ఏడోదాని ముక్కలు రెండోదానికి పోయాయి. రాజనర్సు రెండు వైపులా మార్చి మార్చి తిరిగాడు. ఎనిమిదో నంబరు కొంత దొరికింది, కొంత దొరకలేదు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఇంతకాలం తాను చూసిన పదీ ఏవో కూడా ఇప్పుడు తెలియదు. ఒక్క పూటలో జన్మంతా చేసిన లెక్క చేతిలోంచి జారిపోయింది. నాకు రేణుకమ్మ మీద కోపం వచ్చింది. ఎనిమిది దగ్గరే ఆపితే ఏం పోయేది అనుకున్నాను.

రాజనర్సు మళ్ళీ దిమ్మె మీద కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు.

"దసరా దినం ఇంజన్లన్ని షెడ్డుల్నే ఉంటుండెనా?"

"ఉండకేం జేస్తయ్? సీజన్ మొదలుగాదు గద. ఖరాబైనయి సుత గుంజుకచ్చి వరుసల పెడుతుండ్రి. పదకొండుకు పదకొండు."

అతను తల ఎత్తాడు. నాకు అప్పుడు వెలిగింది. నేను ఏళ్ళ తరబడి ఎక్కిరించిన దసరా అది. పలకలు ఎవరివి ఎవరికి పోయినా, కడ్డీలు ఎటు మారినా, ఆ రోజు ఆ వరుసలో మొత్తం పదకొండు ఇంజన్లు, వాటి ముక్కలన్నిటితో సహా ఉన్నాయి. పదేళ్ళ రాజనర్సు వాటి ముందు నిలబడి అన్నిటినీ చూశాడు. చూసి, లెక్కకు రాదని ఏడుస్తూ వెళ్ళిపోయాడు.

"నంబర్లు లేవని నల్లా కాడికెల్లి మూతి ముడుసుకొని పోయిన" అన్నాడు. "గాడ ఆడపిల్లలు ఏందో తోముతున్నరు."

"గా పిల్లలల్ల నేనున్న" అంది రేణుకమ్మ. "నంబర్లు నా ఒళ్ళెనే ఉన్నయి."

ఆమెకు ఆ పిల్లవాడు గుర్తు లేడు. పూజ రోజు గుగ్గిళ్ళ కోసం చాలామంది పిల్లలు వచ్చేవాళ్ళట. అతనికి కూడా ఆ పిల్ల గుర్తు లేదు. తలలు వంచుకున్న నాలుగైదు జడలు, నీళ్ళ చప్పుడు, అంతే. ఇద్దరూ పది అడుగుల దూరంలో ఉండి ఒకరినొకరు చూసుకోలేదు.

రాజనర్సు అప్పుడు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"పదకొండు ఇంజన్లు గా దినమే సూసిన రేణుకా. నిన్నే సూడలే. పెండ్లిసూపులకచ్చి సుత సూడలే. ఇప్పుడు సూద్దామంటె కండ్లు పోతున్నయ్."

రేణుకమ్మ మసి చేతులు గుడ్డకు తుడుచుకుని, సబ్బు పెట్టి కడుక్కుని వచ్చింది. సంచీలోంచి మందు సీసా తీసి, "టైమైంది. తల పైకెత్తు. కన్ను ముయ్యకు" అంది. రోజూ అనే మాటే. రోజూ అతను చుక్క పడకముందే కన్ను మూసేవాడట, రోజూ ఆమె కసురుకునేదట. ఆ రోజు అతను ముయ్యలేదు. చుక్క పడి చెంప మీదికి కారినా, ఆ ఒక్క కన్నుతో పైనున్న ఆమె మొహాన్నే చూస్తూ ఉన్నాడు. ఇక చాలు ముయ్యమని రేణుకమ్మే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ చెప్పడంలో కసురు లేదు.

తుమ్మచెట్టు కింద సద్ది తిన్నాం. ఆ ఇంజన్‌ను ఎప్పుడు కోస్తారని వాచ్‌మన్‌ను ఎవరమూ అడగలేదు. పలక కావాలంటే విప్పుకుపొమ్మన్నట్టు అతను సైగ చేశాడు. రాజనర్సు వద్దని చెయ్యి ఊపాడు.

తిరుగు ప్రయాణంలో నేను అలవాటుగా ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. రాజనర్సు దాన్ని దాటుకుని, చేత్తో తడుముకుంటూ పోయి వెనుక సీట్లో ఎక్కాడు. కుడివైపు కూర్చుని, ఎడమకన్ను దిక్కున రేణుకమ్మను కూర్చోమన్నాడు. ఆమె, ముందు కూసోక నీకేమొచ్చింది అంటూనే కూర్చుంది. బండి కదిలాక అద్దంలో చూస్తే అతను మెడ తిప్పి ఆమెను చూస్తున్నాడు, ఆమె చూడనట్టు కిటికీ బయటికి చూస్తోంది, చెంపలు తడిగా ఉన్నాయి.

నేను చెయ్యెత్తి ఆ అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాను. డిపోలో చేరినప్పటి నుంచి ఇప్పటిదాకా, వెనుక చూసుకునే అద్దం లేకుండా నేను బండి నడిపింది ఆ ఒక్కసారే.